పదకొండు నందులు, ఒక్క ఎల్లవ్వ

1. సోమవారం

మా షిఫ్టు బస్సును చంపేశారు. చంపింది సుగమ రవాణా కంపెనీ. బస్సును చంపడమేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనీ, నాకు వేరే మాట దొరకడం లేదు. నిన్నటిదాకా తెల్లవారుజామున నాలుగింటికి గనిమెట్ట కాలనీకి వచ్చిన బస్సు ఇవాళ రాలేదు. స్టాపులో స్తంభం మీద తెర మాత్రం వెలిగి, చక్కని తెలుగులో చెప్పింది: "ఈ సేవ నిలిపివేయబడినది. ప్రయాణికులు సొంత వాహనములు సమకూర్చుకొనగలరు. సుగమ వారి వాహనముల కొరకు ఇక్కడ తాకండి."

బస్సు తీసేసిందీ వాళ్లే, బండి అమ్మజూపేదీ వాళ్లే. 

పక్కింటి ఓదెలన్న ఆ స్తంభాన్ని ఒక్క తన్ను తన్ని, కాలు పట్టుకుని కింద కూర్చున్నాడు. "దీనక్క, ఇనుపది గదనే!"

"మరి దేంతోటి చేస్తరనుకున్నవే, బెల్లంతోటా?" అన్నాను. నవ్వు రాలేదు ఎవరికీ.

మేము పనిచేసే గని చెరువు కాలనీ నుంచి పద్దెనిమిది కిలోమీటర్లు. మా తాతలు బొగ్గు తవ్విన గొయ్యి అది. ఇప్పుడు దాన్నిండా నీళ్లు, నీళ్ల మీద సోలార్ పలకలు. వాటి మీద దుమ్ము కడగడం మా పని. తొమ్మిదింటికి ఎండ సైరన్ కూసిందంటే సాయంత్రం ఆరుదాకా రోడ్డు మీద మనిషన్నవాడు ఉండకూడదు. జరిమానా సంగతి తర్వాత, ముందు ప్రాణం ఉండదు. అందుకే చీకటితో పోయి, చీకటి పడ్డాక రావడం. ఇవాళ ఆరుగురం నీళ్ల ట్యాంకర్ పైకెక్కి పోయాం. మిగతావాళ్లు ఇళ్లకు తిరిగిపోయారు. నెలలో ఐదు గైర్హాజర్లు పడితే పేరు కొట్టేస్తారు.

బండి కొనక తప్పదు. కానీ విడివిడిగా పోతే ఒక్కొక్కరినీ ఒక్కో రకంగా ముంచుతారు. నేను చదివిన కరపత్రాలన్నీ మొత్తుకున్నది ఇదే. అందుకే ట్యాంకర్ మీదే లేచి నిలబడి, అందరం కలిసి ఒకే ఆర్డరు పెడదామని చెప్పాను.

"కూసోవే శాంతా, పడ్తవ్," అన్నాడు ఓదెలన్న. "పేరేమో శాంత, నోరేమో సైరన్."

2. మంగళవారం

సుగమ కౌంటరు పాత రైల్వే గేటు దగ్గర ఉంది. కాలనీ నుంచి ఆరు కిలోమీటర్లు. సాయంత్రం సైరన్ విడిచాక నేనూ ఓదెలన్నా నడిచి వెళ్లాం. అద్దాల గదిలో మూడు మోటారుసైకిళ్లు నిలబెట్టి ఉన్నాయి. అసలు మాట మరిచిపోయి కాసేపు ఆ చల్లదనంలో అలా నిలబడ్డాం. కౌంటరులో కూర్చున్న అమ్మాయి పేరు నిహారిక. వయసులో నాకంటే ఏడాది పెద్దదేమో.

మొదటిది 'మెరుపు'. ఎర్రగా, సన్నగా, కందిరీగలా ఉంది. ఓదెలన్న అడగకుండానే ఎక్కి కూర్చుని, హ్యాండిల్ తిప్పుతూ నోటితో బుర్రుమనిపించాడు.

"షోరూం బండిలో బ్యాటరీ ఉండదండీ," అంది నిహారిక. "ఉన్నా శబ్దం రాదు."

"సప్పుడే లేకుంటే, నేనొచ్చిన్నని మా ఆమెకెట్ల తెలుస్తది?"

"రాకుంటే తెలుస్తది," అన్నాను. నిహారిక నవ్వు ఆపుకుంది. నేను ఆపుకోకుండా అడగడం మొదలుపెట్టాను. ఒక్క చార్జికి ఎంత దూరం? నూట ఇరవై, అంది. ఎండలోనా, చలిలోనా? తెర వంక చూసింది. వెనక ఒక మనిషి, రెండు అన్నం డబ్బాలు, పక్కన పొడవాటి బ్రష్ కర్రలు, ఎదురుగా మట్టి గుట్ట ఎక్కుడు. అప్పుడు?

"అలాంటి పరీక్ష మావాళ్లు చెయ్యలేదండీ."

"మేం దినాం చేస్తం."

రెండోది 'సారంగ'. చూడముచ్చటగా ఉంది. అయితే బ్యాటరీ ఊడిరాదు. చెరువు గట్టు మీద పగలంతా ఎండలో పెడితే బ్యాటరీ ఉబ్బిపోతుంది. మూడోది 'నంది'. బండగా, బూడిద రంగులో, చూస్తేనే ఆవలింత వచ్చేలా ఉంది. కానీ దానికి రెండు బ్యాటరీలు, రెండూ చేత్తో పీకి షెడ్డులోకి పట్టుకుపోవచ్చు. పొడవాటి చదును సీటు. వేగం నలభై ఐదు దాటదు. మట్టి గుట్ట దారిలో అంతకంటే వేగం పోతే ఎలాగూ చస్తాం.

"నందే కావాలె," అన్నాను.

"కొని శివుని గుడి ముందట కూసుండబెడ్దామా?" అన్నాడు ఓదెలన్న. మెరుపును దిగడానికి అతనికి మనసు రావడం లేదు.

దొంగల సంగతి కూడా అడిగాను. నంది తన యజమానిని గుర్తుపడుతుందట. కూర్చునే బరువు, కూర్చునే తీరు, అరచేతులు, మూడూ కలవాలట. వేరేవాళ్లు ఎక్కితే చక్రాలు బిగుసుకుపోతాయట. మంచిదే కదా అనుకున్నాం. ఆ గుర్తు ఎప్పుడు పడుతుందో మేము అడగలేదు, ఆమె చెప్పలేదు.

3. బుధవారం

పదకొండు ఇళ్లు కలిశాయి. రంగు దగ్గర పెద్ద గొడవ. వీధి చివరి కనకయ్య మామకు ఆకుపచ్చ కావాలి. నంది బూడిద రంగులో తప్ప రాదంటే, "పైసలు నావి, రంగు వానిదా?" అని అలిగాడు. కాసేపటికి తనే వచ్చి వేలిముద్ర వేశాడు. ప్రతి ఇంటి జీతంలోంచి నెలనెలా కోత.

సామూహిక ఆర్డరు కాబట్టి తెర మీద యజమాని పేరు దగ్గర ఖాళీ ఉంది: "వాహనము అందిన పిమ్మట నమోదగును." పని తేలికైందని సంతోషించాను. మనం ఒక్కటై పోతే కంపెనీ కూడా తగ్గుతుందని వాళ్లందరి ముందు రెండు ముక్కలు మాట్లాడాను కూడా.

ఆదివారం వస్తాయట. అప్పటిదాకా ట్యాంకర్ మీద వంతులవారీగా పోవాలి.   

4. ఆదివారం

డ్రైవరు లేని లారీ వచ్చి పదకొండు పెట్టెలు దించి వెళ్లిపోయింది.

ఎల్లవ్వ గురించి ఇక్కడ రాయాలి. మా లైను ఇళ్ల వరుసలో చివరి గది ఆమెది. ఎవరూ లేరు. కొత్త పొయ్యి వెలిగించాలన్నా, కొత్త బోరు వేయాలన్నా, కొత్త కోడలు ఇంట్లో అడుగుపెట్టాలన్నా గనిమెట్టలో మొదటి చెయ్యి ఎల్లవ్వదే. ఆమె చెయ్యి మంచిదని పేరు. చేతిలో ఏదో ఉందని నేను నమ్మను. కానీ ఒక ఒంటరి మనిషిని ఊరంతా ముందు నిలబెట్టే అలవాటు మీద నాకు కోపం లేదు.

పెట్టెలు విప్పగానే ఎవరూ ఎక్కలేదు. "ఎల్లవ్వను పిల్వుండ్లి," అన్నారు. ఆమె తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. డప్పు మోగుతోంది. ఎల్లవ్వ ఒక్కో నంది మీద ఎక్కి కూర్చుని, రెండు చేతులూ హ్యాండిల్‌కు ఆనించి, కళ్లు మూసుకుని, "సల్లగ పోయి సల్లగ రావాలె బిడ్డా," అని దిగింది. ఆమె కూర్చున్న ప్రతిసారీ ముందు దీపం ఆకుపచ్చగా మెరిసింది. బండి కూడా దండం పెడుతోందని పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

కొబ్బరి ముక్కలు తిని ఎవరిళ్లకు వాళ్లం పోయాం. పొద్దున్నే ప్రయాణం.

5. సోమవారం

ఒక్క బండీ కదల్లేదు.

ఓదెలన్న ఎక్కితే చక్రాలు కరుచుకుపోయాయి. నేను ఎక్కినా అంతే. కనకయ్య మామ బండిని దబాయించాడు, బతిమాలాడు, చివరికి హ్యాండిల్‌కు దండం పెట్టాడు. బిందె పట్టుకుని నీళ్లకు వచ్చిన ఎల్లవ్వ ఆయాసంతో మా నంది మీద కూలబడి, లేవడానికి హ్యాండిల్ పట్టుకుంది.

"శుభోదయం, ఎల్లవ్వ గారూ," అంది బండి. "ఎక్కడికి వెళ్దాం?"

 ఎల్లవ్వ చేత్తో నోరు మూసుకుంది. "ఓయమ్మో, నన్ను గారు అన్నదే! పుట్టి బుద్దెరిగిన కాడికెల్లి ఎవ్వలన్నరు నన్ను గారని?"

అందరం పడిపడి నవ్వాం. ఓదెలన్న ఆమెను రెండో బండి మీద కూర్చోబెట్టాడు. ఎల్లవ్వ గారూ. మూడోది. ఎల్లవ్వ గారూ. ఐదోదానికి నవ్వు ఆగిపోయింది.  పెట్టె విప్పాక మొదట ఎవరు కూర్చుని చేతులు ఆనిస్తే వాళ్లే యజమాని, అరచేతి గుర్తును బట్టి సర్కారు లెక్కల్లోంచి పేరు కూడా బండే తీసుకుంటుంది. పదకొండు బండ్లూ ఎల్లవ్వవి.

"అట్లయితే నేనే నడుపుత, ఎక్కుండ్లి," అని ఎల్లవ్వ హ్యాండిల్ తిప్పింది. నంది పది అడుగులు ఉరికి కనకయ్య మామ కంచెలోకి దూరింది. ఆమె పడింది. మోకాలు వాచిపోయింది. ఇక కాలు ఎత్తి ఏ బండీ ఎక్కలేదు.

ట్యాంకర్ మీద మళ్లీ ఆరుగురం. మిగతా అందరికీ ఇంకో గైర్హాజరు.

6. మంగళవారం

అనుకున్నదానికంటే ఘోరంగా ఉంది.

ఎల్లవ్వ చల్లగది కార్డు హెచ్చరికగా ఎర్రబడింది. ఆస్తి లేని ముసలివాళ్లు ఎండ వేళంతా ఉండటానికి కాలనీలో ఉన్నది ఆ ఒక్క చల్లగదే. ఆమె గది రేకులది. ఆమె తలుపు మీద తెరలో రాసి ఉంది: "ఎల్లవ్వ గారి పేరిట పదకొండు వాహనములు గలవు. శనివారము ఉదయము తొమ్మిది గంటలలోగా అవి తొలగని యెడల చల్లగది అర్హత రద్దగును."

పోయిన వైశాఖంలో రెండో లైను పోచయ్య తాతకు కార్డు పోయింది. కొడుకు కొన్న ఇల్లు ఆయన పేరు మీద ఉందన్నారు. వారం తిరగకముందే పగటిపూట ఆయన మంచంలోనే పోయాడు. ఆయన్ను మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఒళ్లు ఇంకా వేడిగానే ఉంది. అది జ్వరం వేడి కాదు.

ఎల్లవ్వకు చదవరాదు. నేనే చదివి వినిపించాను. "గారు అని రాసిండ్రా?" అని అడిగింది. రాశారని చెప్పాను.

7. బుధవారం

కౌంటరులో అరిచాను. రాయడానికి సిగ్గుపడను, గొంతు పోయేదాకా అరిచాను. నిహారిక లేచి తలుపు వేసింది.

"మేడం, గుర్తు మార్చొచ్చు. ఇదిగో ఈ బిళ్ల." సొరుగులోంచి తీసి చూపించింది. గుండ్రంగా, అరచేతి అంత ఉంది. "దీన్ని హ్యాండిల్‌కు ఆనిస్తే బండి పాత మనిషిని మరిచిపోతుంది. నిమిషం పని."

"అయితే పట్టుకొని రా, పోదాం."

"మా ఆవరణ గేటు దాటితే ఇది పనిచెయ్యదు. బండ్లు ఇక్కడికి రావాలి, యజమాని కూడా రావాలి. వచ్చినా సరే, పైనుంచి అనుమతి కావాలి. అడిగాను. కొత్త బండ్లు ఆర్డరు చేసుకోమనండి అన్నారు."

"లారీ పంపుండ్లి."

"లారీ ఇవ్వడానికేనండీ, తేవడానికి కాదు."

"చక్రాలు తిరుగుతలేవు! ఎట్ల తేవాలె?"

"యజమాని నడుపుకుంటూ తీసుకురావాలని ఉంది."

"యజమాని కాలు ఇంత లావు వాచింది. ఆమెకు డెబ్భై ఏండ్లు. పెట్టె ఇచ్చేటప్పుడు మొదలు ఎవరు కూసుంటరో చూసుకొమ్మని ఒక్క ముక్క చెప్తె మీ నోట్లె ముత్యాలు రాల్తుండెనా?"

 నిహారిక తెర ఆపేసి, నా వైపు వంగి, చిన్న గొంతుతో అంది. "శనివారం పొద్దున పైఅధికారి ఇక్కడికే వస్తున్నారు. ఎనిమిదింటికి. బండ్లు గేటు లోపల ఉండి, అంతమంది జనం ఉండి, ఆయన ముఖం మీదే అడిగితే కాదనడం కష్టం. నేను అన్నానని అనొద్దు."

అనడం లేదు. కానీ రాస్తున్నాను. ఆమె పేరు ఇది కాదు.

8. గురువారం

నీళ్ల ట్యాంకు కింద అందరం కూడాం. తోపుడు బండి మీద నందిని ఎక్కించి చూశాం. ఇరుసు విరిగింది. కాలనీలో మిగిలింది ఇంకొక్కటే తోపుడు బండి, అది మొదటిదానికంటే పాతది.

కనకయ్య మామ లేచాడు. "నేనొక మాటంట, తిట్టకుండ్లి. బండ్లు అక్కడ అప్పజెప్పినంక వాళ్లు గుంజుకుంటే? కోత మాత్రం పడుతనే ఉంటది. ఇట్లనే ఉంచి, ఇంకేదన్న ఉపాయం జేద్దాం. ఒక్క ముసలామె కోసం పదకొండు ఇండ్లు పస్తులుండాల్నా?"

"మామా, ఆ ముసలామెను బండెక్కించింది మనమే," అన్నాను. ఇంకా చాలా అన్నాను. దోపిడీ అన్నాను, ద్రోహం అన్నాను. కనకయ్య మామ ముఖం తిప్పుకున్నాడు. నా మాటలతో ఒక్కరూ దగ్గరకు రాలేదు, ఇద్దరు లేచి వెళ్లబోయారు. భయమేసింది. పుస్తకాల్లో ఉన్నట్టు మనుషులు లేచి నిలబడటం లేదు.

అప్పుడు ఎల్లవ్వ కర్ర ఊతంతో లేచింది.

"కనకయ్యా, నువ్వన్నది నాకు తప్పనిపిస్తలేదు బిడ్డా. ఎండ నాకు కొత్తగాదు, నా పానం నేను సూస్కుంట. కని ఒక్కటుంది. ఈ ఊర్ల నా చెయ్యి ముట్టింది ఏదీ ఆగలే. బోరు ఆగలే, పొయ్యి ఆగలే. నేను కూసున్నందుకు మీ బండ్లు ఆగినయంటే, రేపు ఎవ్వలన్న నన్ను పిలుస్తరా? పిల్వని దినం నేను చల్లగదిల ఉంటే ఎంత, ఎండల ఉంటే ఎంత?"

 

ఓదెలన్న నేల మీద పుల్లతో ఏదో గీస్తున్నాడు. "చెరువు మీద పలక చట్రం ఎట్ల లేపుతున్నం?" అన్నాడు తల ఎత్తకుండానే. "కింద రెండు బ్రష్ కర్రలు దూర్చి, అటు నలుగురు, ఇటు నలుగురు. ఆ చట్రం నందికంటె అల్కగుంటదా?"

ఉండదు. నందికంటే బరువు అది. రోజుకు పది చట్రాలు ఎత్తుతాం. పైగా నంది బ్యాటరీలు పీకేస్తే ఇంకా తేలిక.

వెంటనే ఒక నందిని పడుకోబెట్టి, కర్రలు దూర్చి, ఎనిమిది మందిమి భుజం పెట్టాం. ఓదెలన్న చెరువు మీద అరిచినట్టే "ఓ… లేపు!" అని అరిచాడు. లేచింది. వీధి చివరిదాకా వెళ్లి తిరిగి వచ్చాం. భుజం మీద చర్మం కాస్త లేచింది, అంతే.

9. శుక్రవారం

ఇది లెక్క. ఆరు కిలోమీటర్లు, పదకొండు నందులు. మధ్యలో దించుతూ, భుజాలు మార్చుకుంటూ పోతే నాలుగు గంటలు పట్టొచ్చు. తొమ్మిదికి సైరన్. గేటు తెరవకపోతే ఎండలోనే నిలబడాల్సి వస్తుంది. రోడ్డుకు ఏ పక్కా నీడ లేదు. నాకు భయంగా ఉంది. ఉందని రాయకపోతే ఈ పుటలకు అర్థం లేదు. ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఎల్లవ్వకు ఏమైనా అయితే నా బతుకంతా నన్ను నేను క్షమించుకోలేను. ఆమెను మిగిలిన తోపుడు బండి మీద, గొడుగు కట్టి తీసుకుపోతున్నాం. వద్దంటే వినలేదు. "యజమాని నేను గదా," అంటోంది.

మేము అడిగేవి రెండు. పదకొండు బండ్లకూ ఆ బిళ్ల ఆనించాలి, ఒక్కోదానికి ఒక నిమిషం. తొమ్మిదిలోపు ఎల్లవ్వ కార్డు మళ్లీ ఆకుపచ్చ కావాలి. అప్పటిదాకా గేటు ముందు నుంచి కదలం.

ఇన్నాళ్లు నా కోసం రాసుకున్న ఈ పుటలను ఇవాళ మూడు లైన్లలోనూ గోడలకు అంటిస్తున్నాను. చదవరానివాళ్లకు చదివి వినిపించండి. రెండో లైను, మూడో లైను వాళ్లు ఇది మీ బండి కాదని అనుకోవచ్చు. రేపు మీ షిఫ్టు బస్సు ఆగినప్పుడు మీరూ ఇదే నందిని కొంటారు. పోచయ్య తాత మీ లైనువాడే.

కనకయ్య మామ ఇంకా గడప మీదే కూర్చుని ఉన్నాడు. ఆయన బండిని కూడా మోస్తాం, తలుపు తీస్తే చాలు.

శనివారం తెల్లవారుజామున మూడున్నరకు, నీళ్ల ట్యాంకు కింద. భుజం మీదకు తువ్వాల, తాగడానికి నీళ్లు, తలకు గుడ్డ తెచ్చుకోండి. పిల్లలను తీసుకురావద్దు. ఒక్కో నందికి ఎనిమిది భుజాలు కావాలి. ఇప్పటికి అరవై దొరికాయి. మిగతావి మీవి. మూడున్నరకు రండి.